ఎలా జరిగిందండీ?

రెండేళ్ళ కిందట ఆగస్టు నెలలో ఒక శనివారం ఉదయం, మారతహళ్ళి వైపు ఉండే ఒక ఇంజినీరు జయనగర్‌లోని నా కౌన్సెలింగ్ గదికి వచ్చారు. వయసు ముప్పై అయిదు దాటి ఉంటుంది. నిద్ర పట్టడం లేదనీ, ఆఫీసులో చిన్న పొరపాటు జరిగినా తన కింద పనిచేసేవాళ్ళ మీద విరుచుకుపడుతున్నాననీ, ఎవరితోనైనా మాట్లాడి చూడమని డాక్టరు చెప్పారు కాబట్టి వచ్చాననీ ఇంగ్లీషులో వివరించారు. ఆ మాటల మధ్యలోనే, పెద్దగా సంబంధం లేని విషయం చెబుతున్నట్టు, మూడు నెలల కిందట తండ్రి పోయారన్నారు. నేను తెలుగులోకి మారి "ఎలా జరిగిందండీ?" అని అడిగాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత నలభై నిమిషాల సేపు ఆగకుండా చెప్పారు, తెలుగులోనే.

తెల్లవారుజామున నాలుగింటికి బావగారి ఫోను వచ్చింది. రాజమండ్రికి దొరికిన మొదటి విమానం ఎక్కారు. ఇల్లు చేరేసరికి వీధిలో షామియానా, హాల్లో ఐస్ బాక్సు, దాని అద్దం మీద చేరే తేమను తువ్వాలుతో మాటిమాటికీ తుడుస్తున్న ఒక పెద్దాయన. ఆయన ఎవరో ఈయనకు ఇప్పటికీ తెలియదు. "పెద్దవాడు వచ్చేశాడు, ఇక ఆలస్యం చెయ్యకండి" అని ఎవరో అన్నారు. తండ్రి ముఖం చూడటానికి తనకు దక్కింది ఎంత సమయమని లెక్కవేసుకుంటే పది నిమిషాలకు మించలేదు. అయిదో రోజు నుంచి మేడ మీది గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేశారు. కింద బంధువులు, పైన మీటింగులు. పదకొండో రోజు పెద్దకర్మ, పన్నెండో రోజు సాయంత్రం బెంగళూరు రైలు. అంతా చెప్పి, "ఇది ఎవరితోనూ చెప్పలేదు మేడమ్. ఎవరూ అడగలేదు" అన్నారు.

చాలా ఏళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు ఆ చివరి మాట కొత్త కాదు. ఈ నగరంలో నా దగ్గరకు వచ్చే తెలుగువారిలో, ఆప్తులను పోగొట్టుకున్నవారి నోట దాదాపు ప్రతిసారీ ఏదో ఒక రూపంలో విన్నదే. దాని గురించి రాయాలని ఎన్నాళ్ళగానో అనుకుంటున్నాను. ఆ ఇంజినీరు ఈ వ్యాసం చదివి, తన సంగతి రాయడానికి అనుమతి ఇచ్చారు. ఆయన ఊరు, ఉద్యోగం వంటివి మార్చాను. మిగిలినవారి విషయంలో, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా ఇద్దరు ముగ్గురి అనుభవాలను కలిపి రాశాను.

మాది మదనపల్లె వైపు పల్లె. నాకు పదకొండేళ్ళప్పుడు తాత చేనిలో పడిపోయి, ఇంటికి తెచ్చేలోగానే ప్రాణం వదిలాడు. ఆ తరువాతి పదిరోజుల్లో పలకరింపుకు వచ్చినవాళ్ళను నేను అవ్వ పక్కనే కూర్చుని చూశాను. వచ్చిన ప్రతి మనిషీ చాప మీద కూర్చుని, కాసేపు మౌనంగా ఉండి, చివరకు అడిగే మాట ఒకటే: "ఎట్ల జరిగిందమ్మా?" అవ్వ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది. "పొద్దున్నే సంగటి తిని, చేనికాడికి పోయొస్తానని పోయినాడు." మొదటి రెండు రోజులూ ఆ కథ మంచం దగ్గర ఆగిపోయేది. నలుగురూ తాతను మోసుకొచ్చి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారన్న చోటికి రాగానే ఆమెకు మాట పెగిలేది కాదు, శోకాలు పెట్టి ఏడ్చేది, వచ్చినవాళ్ళూ ఏడ్చేవారు. నాలుగో రోజుకు ఆ మంచం దాటి ముందుకు వెళ్ళింది. ఏడో రోజుకు, ఆ పొద్దున తాత సంగటిలోకి పచ్చడి కారం ఎక్కువైందని విసుక్కున్న సంగతి కథలోకి వచ్చింది. పదో రోజుకు పెళ్ళయిన కొత్తలో తాత సంతకు పోయి గాజులకు బదులు గొర్రెపిల్లను కొనుక్కొచ్చిన సంగతి చెప్పింది, వింటున్న ఆడవాళ్ళు నవ్వారు, అవ్వ కూడా నవ్వి మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. మొదట ఆ కథలో చావు ఒక్కటే ఉండేది. ఇరవై ముప్పైసార్లు చెప్పిన తరువాత తాత అందులోకి తిరిగి వచ్చాడు. ఆ పదిరోజుల్లో అవ్వ విషయంలో జరిగింది ఏమిటో నాకు చాలా ఏళ్ళ తరువాత, నా చదువు పూర్తయి ఈ వృత్తిలో కొంతకాలం గడిచాక గాని అర్థం కాలేదు.

పలకరింపుకు కొన్ని నియమాలున్నాయి. ఖాళీ చేతులతో వచ్చి, మంచినీళ్ళు కూడా అడగకుండా కూర్చుని, లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకుండా వెళ్ళిపోతారు. ఆ మాట అనకపోవడంలో చావు ఇంటికి మళ్ళీ రాకూడదన్న భయం ఉందని పెద్దలు చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది మరొకటి. ఆ మర్యాద ప్రకారం, దుఃఖంలో ఉన్నవారు అతిథి కోసం ఏమీ చేయనక్కరలేదు. కాఫీ కలపనక్కరలేదు, నవ్వనక్కరలేదు, వీడ్కోలు చెప్పనక్కరలేదు. అడిగినదానికి చెబితే చాలు, చెప్పకుండా కూర్చున్నా చాలు.

బెంగళూరు అపార్టుమెంట్లలో ఈ పద్ధతి దాదాపు కనిపించడం లేదు. తండ్రి పోయి ఊరినుంచి తిరిగివచ్చిన మనిషికి వాట్సాప్ బృందంలో నలభై చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి, "ఓం శాంతి" అని వస్తుంది, లిఫ్టులో ఎదురుపడినవాళ్ళు కళ్ళు దించుకుంటారు. ఆఫీసులో మూడు రోజులో అయిదు రోజులో సెలవు ఇచ్చి, తిరిగి వచ్చిన రోజున "ఏమైనా కావాలంటే చెప్పు" అంటారు. వీళ్ళు కఠినులు కారు. అడిగితే బాధపెట్టినట్టవుతుందేమోనని నిజంగానే వెనుకాడతారు. కానీ ఆ మనిషి రోజంతా మనసులో తిప్పుకునేది ఆ కథనే కాబట్టి, అడగకపోవడం వల్ల ఆయనకు తగ్గే బాధ ఏమీ ఉండదు, ఆ కథతో ఒంటరిగా మిగలడం తప్ప.

నా తండ్రి ఇక్కడే ఒక ఆసుపత్రిలో పోయినప్పుడు, నా సాటి కౌన్సెలర్లతో సహా చాలామంది ఎంతో ప్రేమగా నన్ను ఓదార్చారు. అడిగింది మాత్రం జయనగర్ నాలుగో బ్లాకులో నేను పూలు కొనే ఆమె. రెండు వారాల తరువాత వెళ్ళినప్పుడు నా ముఖం చూసి "ఏనాయ్తక్కా?" అంది, ఏమైందక్కా అని. బుట్ట పక్కన నిలబడి వచ్చీరాని కన్నడంలో ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె మల్లెలు కడుతూనే విన్నది, మధ్యమధ్య "ఆమేలె?" అని అడుగుతూ ఉంది. "ఆ తరువాత?" అన్న ఆ చిన్న ప్రశ్న నాకు చేసిన మేలు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఈ విషయంలో వైద్యశాస్త్రం చెప్పేది కూడా మా అవ్వ వాకిలికి ఎంతో దూరంగా లేదు. అమెరికాకు చెందిన మనోవైద్యురాలు క్యాథరిన్ షియర్, ఏళ్ళు గడిచినా సడలని దుఃఖానికి పదహారు సెషన్ల చికిత్సను రూపొందించారు. అందులో ప్రధానమైన భాగం ఏమిటంటే, మనిషి కళ్ళు మూసుకుని, మరణవార్త తెలిసిన క్షణం నుంచి జరిగినదంతా అక్కడే ఉన్నట్టుగా చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇస్తారు. తరువాతి సెషన్ వరకు ఇంట్లో దాన్ని వినాలి. మళ్ళీ వచ్చి మళ్ళీ చెప్పాలి. దానితోపాటు, మరణం తరువాత ఆ మనిషి తప్పించుకు తిరుగుతున్న చోట్లకూ పనులకూ మెల్లమెల్లగా తిరిగి వెళ్ళడం, ముందున్న జీవితంలో తాను కోరుకునేది ఏమిటో ఆలోచించుకోవడం కూడా ఉంటాయి. 2005లో వెలువడిన ఆమె అధ్యయనంలో ఈ పద్ధతి వల్ల 51 శాతం మందికి గుణం కనిపించగా, పోల్చి చూసిన మరొక చికిత్సలో అది 28 శాతంగా ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దుఃఖపడే అందరికీ చికిత్స అవసరం లేదు. చాలామంది, సమయం ఇస్తే, తమవాళ్ళు పక్కన ఉంటే, తమంతట తామే నిలదొక్కుకుంటారు. దుఃఖం సడలకుండా చాలాకాలం మనిషిని పట్టి ఉంచే స్థితి, హింసాత్మకం కాని మరణాల తరువాత, దాదాపు పదిమందిలో ఒకరికి ఏర్పడుతుందని 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష లెక్కగట్టింది. ఆ ఒకరి విషయంలో "కాలమే మందు" అని ఊరుకోవడం అన్యాయం. మిగిలిన తొమ్మిదిమందికి జబ్బు పేరు పెట్టడమూ అంతే అన్యాయం. నా దగ్గరకు వచ్చినవారిలో ఇద్దరు ముగ్గురిని, మూడు సెషన్లు మాట్లాడిన తరువాత, మీకు నాతో కంటే మీ అక్కగారితో మాట్లాడటం ఎక్కువ అవసరమని చెప్పి పంపిన సందర్భాలున్నాయి.

వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను చేసిన ఒక తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. భర్త పోయిన ఒక నలభై ఏళ్ళ ఆవిడకు, ధైర్యం చెబుతున్నాననుకుని, దుఃఖానికి అయిదు దశలుంటాయని వివరించాను. నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, అంగీకరించడం అని కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. తరువాతి వారం ఆవిడ ఆ కాగితం మడత విప్పి, "నాకు కోపం రాలేదు మేడమ్. నాలో ఏదైనా లోపం ఉందా? ఆయన మీద నాకు సరిగ్గా ప్రేమ లేదా?" అని అడిగారు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో ఆ దశల గురించి రాసినప్పుడు, ఆమె మాట్లాడింది ప్రధానంగా మరణానికి దగ్గరైన రోగులతో. వెనుక మిగిలినవారు ఏ వరుసలో దుఃఖపడతారో చెప్పే పట్టిక కాదది. ఈ సంగతి నాకు తెలిసి ఉండవలసింది. ఆవిడకు క్షమాపణ చెప్పి, ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు తరువాత, దుఃఖం ఎలా ఉంటుందో ఎవరికీ ముందుగా నేను చెప్పలేదు.

నాకు ఎక్కువగా ఉపయోగపడినది నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షట్ 1999లో ప్రతిపాదించిన ఆలోచన. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవారి వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు ఊగుతూ ఉంటాడనీ, ఆ ఊగడమే ఆరోగ్యమనీ వారు అన్నారు. బ్యాంకు కాగితాల మీద పేరు మార్పించడం, వంట నేర్చుకోవడం, పిల్లల ఫీజు కట్టడం ఒకవైపు. చొక్కా వాసన చూసి కూలబడిపోవడం మరొకవైపు. ఈ మాట విన్నప్పుడు క్లయింట్ల ముఖాల్లో కలిగే ఉపశమనాన్ని నేను చాలాసార్లు చూశాను. ఎందుకంటే మన ఇళ్ళలో ఈ రెంటికీ నింద తప్పదు. ఏడుస్తూ ఉంటే "ఎన్నాళ్ళని ఇలా?" అంటారు, పిల్లవాడి బడి వేడుకలో నవ్వితే "అప్పుడే మరచిపోయిందా?" అంటారు. "నవ్వొచ్చేసింది మేడమ్" అని ఒకామె నేరం ఒప్పుకున్నట్టు చెప్పడం నాకు గుర్తుంది.

నాలుగో నెలలో గర్భం పోయిన ఒక జంట గురించి చెబుతాను. భర్త మూడో రోజునే ఆఫీసుకు వెళ్ళారు. అప్పటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం గర్భస్రావం తరువాత ఆరు వారాల సెలవు దొరికింది కాబట్టి భార్య ఇంట్లోనే ఉన్నారు. ఊరినుంచి వచ్చిన అత్తగారు మంచి మనసుతోనే "మొదటిది నిలవకపోతే ఏముందమ్మా, మళ్ళీ నిలుస్తుంది" అన్నారు. ఆ బిడ్డకు కర్మ లేదు, పలకరింపు లేదు, పేరు కూడా ఆ ఇద్దరి మధ్యనే ఉన్న రహస్యం. ఇలా సమాజం లెక్కలోకి తీసుకోని దుఃఖానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి 1989లో ఒక గ్రంథం తెచ్చిన కెన్నెత్ డోకా, దుఃఖించే హక్కు కూడా దక్కనివారి గురించి ఆలోచించేలా మా వృత్తినంతటినీ మేల్కొలిపారు. భార్యకు భర్త మీద తీవ్రమైన కోపం ఉండేది. "ఆయనకు ఏమీ కాలేదండీ, మామూలుగానే ఉన్నారు" అన్నారు. భర్తతో విడిగా మాట్లాడినప్పుడు, రోజూ సాయంత్రం బేస్‌మెంటులో కారు ఆపి, పైకి వెళ్ళేముందు పావుగంట అందులోనే కూర్చుంటానని చెప్పారు. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒకరి తరువాత ఒకరిని, ఎలా జరిగిందో చెప్పమన్నాను. భార్య కథ స్కానింగ్ గదిలో, డాక్టరు తెరను తన వైపునుంచి తిప్పేసిన క్షణంలో మొదలైంది. భర్త కథ ఆ గది బయట, తలుపు ఎంతకీ తెరుచుకోకపోవడంతో మొదలైంది. రెండు నెలలుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఆ ఇద్దరూ ఒకరి కథ ఒకరు వినడం అదే మొదటిసారి.

కథ చెప్పలేని స్థితి ఇంకా కఠినమైనది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ కోవిడ్‌తో పోయినవారి పిల్లలు ఇప్పటికీ వస్తుంటారు. ఆసుపత్రి లోపలికి వెళ్ళనివ్వలేదు, శ్మశానాల ముందు అంబులెన్సులు వరుసకట్టిన రోజులవి, సంచిలో చుట్టిన దేహాన్ని దూరంనుంచి చూశారు. కడచూపు దక్కలేదు. వాళ్ళను అడిగితే కథ మధ్యలో ఒక ఖాళీ వస్తుంది. ఆసుపత్రి నుంచి చివరి వీడియో కాల్‌కూ బూడిద కుండకూ మధ్య ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు. ఆ ఖాళీని నేను ఊహతో పూరించను, పూరించమని వాళ్ళనూ అడగను. అక్కడ ఉండగలిగితే ఏం చెప్పేవారు, చేయి ఎలా పట్టుకునేవారు అని మాత్రం అడుగుతాను. ఒక కూతురు తల్లికి చెప్పాలనుకున్నదంతా నా గదిలో ఖాళీ కుర్చీ వైపు తిరిగి చెప్పి, ఆ తరువాత శ్రీరంగపట్నం దగ్గరి పశ్చిమవాహినికి, అంతకుముందు అస్థికలు కలిపిన చోటికే, మళ్ళీ ఒక్కతే వెళ్ళి వచ్చింది.

ఆత్మహత్య వల్ల బిడ్డను పోగొట్టుకున్నవారి పరిస్థితి మరీ దుర్భరం. అసహజ మరణం కాబట్టి పోలీసులు వచ్చి పంచనామా రాస్తారు. ఊళ్ళో గుండెపోటు అని చెబుతారు. కోలారు వైపునుంచి వచ్చిన ఒక తెలుగు తల్లి, "ఎలా జరిగిందని అడిగింది పోలీసు సార్లు ఒక్కళ్ళేనమ్మా. వాళ్ళు రాసుకుని పోయినారు" అన్నప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది. ఈ తల్లిదండ్రుల కథ "ఎందుకు?" అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతూ ఉంటుంది, చివరి ఫోను, చివరి భోజనం, తాము అన్న ఒక కసురుమాట అన్నీ సాక్ష్యాలుగా మారిపోతాయి. జవాబు నా దగ్గర ఉన్నట్టు నటించకూడదు, తప్పు మీది కాదని తొందరపడి కొట్టివేయనూ కూడదు. తొందరపడి చెప్పిన ఆ మాటను వాళ్ళు నమ్మరు, పైగా చెప్పడం ఆపేస్తారు. వాళ్ళు బతికి ఉండాలనుకుంటున్నారా లేదా అన్నది కూడా నేరుగా, మృదువుగా అడిగి తెలుసుకోవాలి. ఇది చదువుతున్నవారిలో అలాంటి ఆలోచన ఎవరికైనా ఉంటే, 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తెలుగులో మాట్లాడటం గురించి కొంత చెప్పాలి. మా వృత్తి గ్రంథాలు సుదీర్ఘ దుఃఖ రుగ్మతకు మొదటి లక్షణంగా చెప్పేది పోయినవారి కోసం మనసు విడవకుండా లాగడం. దీన్ని ఇంగ్లీషులో అడిగినప్పుడు మన వాళ్ళు చాలావరకు "అలాంటిదేం లేదండీ" అంటారు. "నాన్నగారి మీద బెంగగా ఉందా?" అని అడిగితే యాభై ఏళ్ళ మనిషి కూడా చిన్నపిల్లవాడిలా తలవంచుకుని ఔనంటాడు. హాస్టల్లో వదిలిపెట్టిన పిల్లలు అమ్మ మీద బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంటారని మనకు తెలుసు. ఆ మాటలో అన్నం సహించకపోవడం, చిక్కిపోవడం, గుమ్మం వైపు చూడటం అన్నీ ఉన్నాయి. దుఃఖం, శోకం అన్న మాటలు పెద్దవి, పుస్తకాలవి. బెంగ మన ఇంట్లోది. ఈ ఒక్క మాట వాడటం మొదలుపెట్టినప్పటినుంచి నాకు ఎన్నో తలుపులు తెరుచుకున్నాయి.

క్రియాపదాలను కూడా శ్రద్ధగా వింటాను. "నాన్న అలా అంటారు" అని చాలాకాలం అన్న మనిషి ఏదో ఒక రోజున తనకు తెలియకుండానే "అలా అనేవారు" అంటాడు, అని ఒక్కక్షణం ఆగిపోతాడు. ఆ మార్పు కోసం నేను తొందరపెట్టను, వర్తమానకాలంలో మాట్లాడుతున్నారని సరిదిద్దను. కన్నీళ్ళు రాగానే కాగితపు రుమాలు చేతికి అందించను కూడా, ఎందుకంటే అది చాలామందికి "ఇక చాలించండి" అన్న సైగలా తోస్తుంది. అందేంత దూరంలో బల్ల మీద ఉంచుతాను.

ఎప్పుడు దుఃఖం రుగ్మత అవుతుందన్న విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఆరు నెలలు, 2022లో సవరించిన అమెరికా మనోవైద్యుల సంఘం గ్రంథం పెద్దలకు ఒక సంవత్సరం గడవాలంటున్నాయి. సంవత్సరీకం దాకా శుభకార్యాలు, పండుగలు చేసుకోకుండా, నెలనెలా మాసికం పెట్టే ఇళ్ళలో పుట్టిన నాకు ఆ ఏడాది లెక్క ఆశ్చర్యం కలిగించలేదు. ఆ ఏడాదంతా ఏడవమని మన పద్ధతి చెప్పదు. నెలకు ఒక తిథి కేటాయించి, ఆ రోజున ఆయన పేరు, గోత్రం పలికి, ఆయనకు ఇష్టమైనది వండమంటుంది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో, పోయినవారి నుంచి మనసును కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవడమే దుఃఖం చేసే పని అని రాశాడు. ఆయన కూతురు సోఫీ 1920లో ఇన్‌ఫ్లుయెంజాతో పోయింది. తొమ్మిదేళ్ళ తరువాత, ఆమె పుట్టినరోజు నాడు, కొడుకును పోగొట్టుకున్న స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, ఆ లోటును ఏదీ పూడ్చలేదనీ, అలా ఉండటమే సరైనదనీ ఒప్పుకున్నాడు. 1990ల నుంచి మా రంగం కూడా, పోయినవారితో బంధం తెగనక్కరలేదనీ, రూపు మార్చుకుని కొనసాగవచ్చుననీ అంగీకరిస్తోంది. తద్దినం పెట్టే ఇంట్లో ఈ సంగతి కొత్తగా చెప్పవలసిన పనిలేదు. అయితే కూతుళ్ళు, ప్రేమించినవారు, స్నేహితులు, కర్మలో చోటు దొరకని మరెందరో ఆ బంధాన్ని ఎక్కడ ఉంచుకోవాలో తెలియక నా దగ్గరకు వస్తారు. వాళ్ళతో కలిసి ఒక చోటు వెతకడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

మొదట చెప్పిన ఇంజినీరు నా దగ్గరకు దాదాపు ఆరు నెలలు వచ్చారు. ఆ కథను ఆయన ఎన్నిసార్లు చెప్పారో నేను లెక్కపెట్టలేదు. ఐస్ బాక్సు అద్దం దగ్గరే చాలాసార్లు ఆగిపోయేది. ఒక రోజు, తేమ తుడిచిన ఆ పెద్దాయన ఎవరో అమ్మను అడగాలనిపిస్తోందన్నారు. అడగండి అన్నాను. సంక్రాంతి దాటాక వాళ్ళ అమ్మగారు బెంగళూరు వచ్చినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక అడిగారట. ఆ పెద్దాయన, తన తండ్రితో కలిసి ఇరవై ఏళ్ళు పనిచేసిన పాత గుమాస్తా అని తెలిసింది. మాట అక్కడితో ఆగకుండా, "అమ్మా, ఆ రాత్రి అసలు ఎలా జరిగింది?" అని కూడా అడిగారు. ఎనిమిది నెలల్లో తల్లిని ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

పదిన్నరకు తండ్రి నిద్రలేచి, బంగినపల్లి పళ్ళ పెట్టె పంపించాలి, వాడి చిరునామా ఇంకొకసారి కనుక్కోవాలి, ఫోను చెయ్యి అన్నారట. "వాడు అలసిపోయి పడుకుని ఉంటాడు, పొద్దున్న చేద్దాం లెండి" అన్నానురా, అని తల్లి చెప్పి చాలాసేపు ఏడ్చారట. ఆ మాట ఆమె ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఈయన ఆమె చేతులు పట్టుకుని, నేను నిజంగానే పడుకున్నానమ్మా అన్నారు.

ఆ రాత్రి రెండింటిదాకా తాను మేలుకునే ఉన్నానని ఆయన నాతో అన్నారు. ఆ రోజు సెషన్ అంతా మేము దాని గురించే మాట్లాడుకున్నాం.